మల్టీవర్స్ ఉందో లేదో తర్వాత, ముందు దాని గురించి ఆలోచించనివ్వండి

మల్టీవర్స్, అంటే మన విశ్వం ఒక్కటే కాదు ఇంకా చాలా ఉన్నాయన్న ఆలోచన, ఆ మాట ఎత్తితే చాలు, రెండు రకాల మనుషులు తగులుతారు. ఒకళ్ళు "ఇంకో యూనివర్స్‌లో నాకు మెడిసిన్ సీటు వచ్చే ఉంటుంది" అని సంబరపడేవాళ్ళు. రెండోవాళ్ళు "రుజువుందా? లేదు కదా? మరెందుకీ కాలక్షేపం" అని ఒక్క మాటతో తేల్చేసేవాళ్ళు. మొదటివాళ్ళ సంగతి తర్వాత చెప్తా. నా అసలు వాదన రెండోవాళ్ళతోనే, ఎందుకంటే వాళ్ళలో చాలామంది బాగా చదువుకున్నవాళ్ళు, సైన్స్ అంటే నిజంగా గౌరవం ఉన్నవాళ్ళు, ఆ గౌరవం కొద్దీ మాట్లాడుతున్నాం అనుకుంటారు, కానీ వాళ్ళు చెప్పే రూలు మొదటినుంచీ పాటించి ఉంటే ఇవాళ వాళ్ళు గౌరవిస్తున్న సైన్స్‌లో చాలా భాగం పుట్టేదే కాదు.

నా మాట ముందే చెప్పేస్తాను. మల్టీవర్స్ ఉందని నేను అనట్లేదు. ఇప్పుడు చేతిలో రుజువు లేదు అనే ఒక్క కారణంతో ఒక ఆలోచనని పక్కన పడెయ్యడం తప్పు అంటున్నాను. చూడాల్సింది ఆ ఆలోచన ఎంత పదునుగా ఉందన్నది, దాన్ని ఒప్పుకుంటే "అయితే ఇది కూడా ఇలా ఉండాలి కదా" అని ఇంకో మాట తప్పనిసరిగా పుడుతుందా లేదా అన్నది. అలా పుడితే ఆ ఆలోచన తప్పైనా సరే పనికొస్తుంది, పుట్టకపోతే ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

మాది గుంటూరు కాబట్టి గుంటూరు నుంచే మొదలుపెడతా. 1835లో ఆగస్ట్ కామ్టే అనే ఫ్రెంచ్ ఫిలాసఫర్, గ్రూప్స్‌కి సోషియాలజీ చదివిన ప్రతి ఒక్కరికీ ఈ పేరు తెలుసు, ఒక మాట రాశాడు: నక్షత్రాల ఆకారం, దూరం, సైజు, కదలిక ఇవి మనం కొలవొచ్చేమో గానీ అవి ఏ పదార్థంతో తయారయ్యాయో మాత్రం ఎప్పటికీ ఏ రకంగానూ తెలుసుకోలేం అని. ఆయన అప్పటి కాలానికి చాలా జాగ్రత్తపరుడు, ఊహల్ని వదిలేసి కళ్ళతో చూడగలిగిందే జ్ఞానం అనుకోవాలని జీవితమంతా వాదించిన మనిషి. 1857లో చనిపోయాడు. రెండేళ్ళకి, 1859లో, హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్ కలిసి ఏ పదార్థం మండితే వెలుగులో ఏ గీతలొస్తాయో పట్టుకున్నారు, సూర్యకాంతిలో కూడా ఆ గీతలే ఉన్నాయని చూపించారు. ఇంకో తొమ్మిదేళ్ళకి, 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా పోయింది. పియెర్ జాన్సెన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త దాన్ని చూడ్డానికి ఓడెక్కి గుంటూరు వచ్చాడు, బందరులో మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పాగ్సన్ పరికరాలు పెట్టుకుని కూర్చున్నాడు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా మూసేసిన ఆ కొద్ది నిమిషాల్లో అంచు మీద ఎర్రగా లేచే మంటలవైపు జాన్సెన్ తన స్పెక్ట్రోస్కోప్‌ని, అంటే వెలుగుని రంగులుగా, గీతలుగా విడదీసి చూపించే పరికరాన్ని, తిప్పాడు, మెరిసే గీతలు కనపడ్డాయి, అంటే అది వేడెక్కి వెలుగుతున్న వాయువు, ఎక్కువ భాగం హైడ్రోజన్. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా కనపడతాయేమో అని ఆయనకి అక్కడికక్కడే తట్టింది, మర్నాడు పొద్దున గుంటూరు మామూలు ఎండలో చూశాడు, కనపడ్డాయి.

ఆ రోజు గ్రహణంలో చాలామందికి ఒక పసుపు గీత కూడా కనపడింది. సోడియం అయ్యుంటుందిలే అనుకున్నారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే దాన్ని పట్టి కచ్చితంగా కొలిస్తే సోడియం గీతల దగ్గర పడలేదు. భూమ్మీద ఎవరికీ తెలియని పదార్థం ఏదో సూర్యుడిలో ఉంది అన్నాడు. హీలియం అని పేరు పెట్టారు. అప్పట్లో దాన్ని చాలామంది నమ్మలేదు, ఎవరూ చేత్తో పట్టుకోని, సీసాలో చూడని పదార్థానికి పేరు పెట్టడమేంటని. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి దాన్ని బయటికి తీశాడు. ఇవాళ ఆస్పత్రుల్లో ఎంఆర్ఐ మెషీన్ అయస్కాంతాన్ని చల్లగా ఉంచేది ఆ హీలియమే.

కామ్టే చేసిన పొరపాటు ఎక్కడుందో చూడండి. ఊహలొద్దు అన్న మనిషే "ఇది ఎప్పటికీ తెలియదు" అని ఒక పెద్ద ఊహ చేశాడు, అది ఊహ అని కూడా ఆయనకి తోచలేదు. మల్టీవర్స్ గురించి "ఎప్పటికీ రుజువు చెయ్యలేం" అని ఇవాళ గట్టిగా చెప్పేవాళ్ళు కూడా భవిష్యత్తులో ఏ పరికరాలొస్తాయో, ఏ కొత్త లెక్క దొరుకుతుందో తమకి తెలుసన్నట్టే మాట్లాడుతున్నారు, ఆ ధీమాకి రుజువేదీ అని నేనడుగుతున్నా.

సరే, అసలు మల్టీవర్స్ అంటే ఒకటే థియరీ అనుకుంటారు చాలామంది, అది కూడా సినిమాల వల్లే. ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం లేని మూడు నాలుగు ఆలోచనలకి కలిపి తగిలించిన పేరు అది. నాకు అన్నిటికంటే గట్టిదనిపించేది హ్యూ ఎవరెట్‌ది, అందుకే దాని దగ్గర కాసేపు ఆగుతా. 1957, ప్రిన్స్‌టన్, జాన్ వీలర్ దగ్గర పీహెచ్‌డీ చేసిన కుర్రాడు. అప్పటి క్వాంటమ్ మెకానిక్స్‌లో, అంటే అతి చిన్న కణాల ఫిజిక్స్‌లో, ఒక ఇబ్బంది ఉంది, ఇప్పటికీ ఉంది. ఎలక్ట్రాన్‌కి స్పిన్ అని ఒక గుణం ఉంటుంది, అది పైకా కిందకా అని ఎవరూ కొలవనంతసేపు ష్రోడింగర్ సమీకరణం (క్వాంటమ్ మెకానిక్స్‌కి మూలమైన లెక్క) ప్రకారం రెండూ కలిసిన స్థితిలో ఉంటుంది, లెక్క చక్కగా నడుస్తుంది. కొలవగానే ఒకటే కనపడుతుంది. మరి రెండోది ఏమైంది? పుస్తకాల్లో రాసే సమాధానం "కొలిచినప్పుడు కొలాప్స్ అవుతుంది" అని, అంటే రెండిట్లో ఒకటే మిగులుతుందని. ఎందుకు అవుతుంది, ఏది కొలతో ఏది కాదో ఎవరు నిర్ణయిస్తారు, కొలిచే పరికరం కూడా అణువులతోనే కదా తయారైంది, దానికి ఆ సమీకరణం ఎందుకు వర్తించదు, ఇవేవీ ఆ సమాధానంలో లేవు. ఎవరెట్ ఏమన్నాడంటే, కొలాప్స్ అనే ఆ అదనపు ముక్క తీసేయండి, సమీకరణాన్ని పరికరానికీ చూసే మనిషికీ కూడా వర్తింపజేయండి, అప్పుడు ఏమొస్తుందో ధైర్యంగా చూడండి. చూస్తే, "పైకి" చూసిన మనిషి, "కిందకి" చూసిన మనిషి, ఇద్దరూ ఆ లెక్కలో ఉంటారు. ఎవరెట్ కొత్తగా లోకాలు తెచ్చి కలిపాడని అనుకుంటారు గానీ ఆయన నిజానికి ఒక రూలు తీసేశాడు, లోకాలు సమీకరణంలో ముందే ఉన్నాయి.

దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. థీసిస్ బాగా కుదించాల్సి వచ్చింది, 1959లో కోపెన్‌హేగన్ వెళ్ళి క్వాంటమ్ మెకానిక్స్‌కి పెద్దదిక్కు లాంటి నీల్స్ బోర్‌ని కలిసినా ఫలితం లేకపోయింది. అప్పటికే ఎవరెట్ ఫిజిక్స్ వదిలేసి పెంటగాన్‌లో ఆయుధాల లెక్కల పనిలో చేరిపోయాడు. 51 ఏళ్ళకే, 1982లో, పోయాడు. ఈ కథలో నాకు బాగా నచ్చేది 1957లోనే జరిగిన ఒక ఉత్తరాల సంగతి. బ్రైస్ డివిట్ అనే ఫిజిసిస్ట్ ఆ పేపర్ చదివి, లెక్క బావుంది గానీ నేను రెండుగా చీలిపోతున్నట్టు నాకేమీ అనిపించట్లేదే అని అభ్యంతరం చెప్పాడు. ఎవరెట్ జవాబు ఏంటంటే, కోపర్నికస్ మీద కూడా ఇదే అభ్యంతరం చెప్పారు, భూమి కదులుతున్నట్టు మనకి అనిపించట్లేదు కదా అని, కానీ ఎందుకు అనిపించదో ఆ ఫిజిక్సే చెప్తుంది. మన ఆర్యభటుడు కూడా సరిగ్గా ఇక్కడే నిలబడ్డాడు, పడవలో ముందుకు పోయేవాడికి గట్టు మీద చెట్లు వెనక్కి పోతున్నట్టు ఉంటుంది, నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు మనకి కనపడటం కూడా అంతే అని. డివిట్ ఆ జవాబుకి పూర్తిగా లొంగిపోయి, 1970లో ఆ థియరీని అందరికీ తెలిసేలా రాసింది ఆయనే. మీకు అనిపించేదానికీ లెక్క చెప్పేదానికీ తేడా వస్తే, ఆ తేడా ఎందుకొచ్చిందో కూడా చెప్పగలిగిన ఆలోచనని నేను ఉత్త ఊహ అని కొట్టెయ్యలేను.

ఇక్కడ మా బావ వస్తాడు. మా అక్క భర్త, బ్యాంకులో పని చేస్తాడు, లోన్ ఫైళ్ళు చూసీ చూసీ ఎవరేం చెప్పినా "కాగితం ఏదీ" అని అడగడం ఆయనకి అలవాటు. పండక్కి కలిసినప్పుడల్లా ఈ గొడవ మాకు ఉండేదే. "ఏరా, అంతా బానే ఉంది, నువ్వు చెప్పేది గెలిచినవాళ్ళ కథలు కదా, ఊహించి ఓడిపోయినవాళ్ళ సంగతేంటి? ఏది పడితే అది అనుకోవచ్చు అంటే జాతకాలకీ దీనికీ తేడా ఏంటి?" అంటాడు. ఆ ప్రశ్న చాలా మంచి ప్రశ్న, దానికి జవాబు లేకపోతే నా వాదన నిలవదు.

జవాబులో మొదటి సగం నేను మన అన్నంభట్టు దగ్గర తీసుకుంటాను. పదిహేడో శతాబ్దం మనిషి, తెలుగువాడు, కాశీ వెళ్ళి పేరు తెచ్చుకున్నాడు, ఆయన రాసిన తర్కసంగ్రహం చిన్న పుస్తకం, న్యాయశాస్త్రం (కోర్టుల చట్టం కాదు, మన పాత తర్క దర్శనం) మొదలుపెట్టే ప్రతి విద్యార్థీ ఇప్పటికీ దాంతోనే మొదలుపెడతాడు. అందులో తర్కం అంటే ఏంటో చెప్పడానికి ఇచ్చిన ఉదాహరణ: నిప్పు లేకపోయి ఉంటే పొగ కూడా ఉండేది కాదు. కొండ మీద పొగ కనపడుతోంది, ఎవడో నిప్పు లేదంటున్నాడు, సరే లేదనే అనుకుందాం, అప్పుడేమవుతుంది, పొగ ఉండకూడదు, కానీ ఉంది. అంటే కాసేపు నిజం కానిదాన్ని నిజం అనుకుని దాని వెంట చివరిదాకా వెళ్ళడం. గమనించండి, అన్నంభట్టు ఈ తర్కాన్ని సరైన జ్ఞానాల లిస్టులో పెట్టలేదు. సందేహం, భ్రమ, వాటి పక్కన, యథార్థం కాని అనుభవాల్లో పెట్టాడు. అది తనంతట తాను ప్రమాణం, అంటే జ్ఞానాన్నిచ్చే ఆధారం, కాదు, కానీ ప్రమాణానికి సాయం చేస్తుంది, అడ్డొచ్చే సందేహాన్ని తొలగిస్తుంది, అదీ నైయాయికుల, అంటే ఆ న్యాయశాస్త్రం వాళ్ళ, మాట. మల్టీవర్స్‌ని ఎక్కడ పెట్టాలి అంటే నేను కచ్చితంగా ఈ అరలోనే పెడతాను. జ్ఞానం అని నెత్తిన పెట్టుకోవద్దు, భ్రమ అని పారెయ్యొద్దు. జాతకంతో తేడా కూడా ఇక్కడే ఉంది బావా, జాతకం చెప్పింది జరక్కపోతే దశ మారిందనో పరిహారం సరిగ్గా చెయ్యలేదనో ఇంకో మాట వస్తుంది, "ఇది కనపడితే నేను చెప్పింది తప్పు" అని ముందే ఒప్పుకోదు.

రెండో సగం, ఓడిపోయిన ఊహల సంగతి. ఇది బావ అనుకున్నంత తేలిక విషయం కాదు, ఓడిపోయినవాళ్ళు చేసిన మేలు చాలా ఉంది. 1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ ముగ్గురూ కలిసి ఒక పేపర్ రాశారు. క్వాంటమ్ మెకానిక్స్ పూర్తి థియరీ అయితే దూరదూరంగా ఉన్న రెండు కణాల మధ్య, ఒకదాన్ని కొలిస్తే రెండోదాని సంగతి కూడా తేలిపోయే వింత సంబంధం (ఎంటాంగిల్‌మెంట్ అంటారు) ఉండాలి, అలా ఉండటం కుదరదు కాబట్టి థియరీలో ఏదో తక్కువైంది అని వాదన. చాలామంది ఫిజిసిస్టులు దాన్ని ఫిలాసఫీ కింద కట్టేశారు. 1954లో కూడా వుల్ఫ్‌గాంగ్ పౌలీ ఒక ఉత్తరంలో, ఇలాంటి ప్రశ్నలకి బుర్ర పెట్టడం సూది మొన మీద ఎంతమంది దేవదూతలు కూర్చోగలరో ఆలోచించడం లాంటిదని రాశాడు. పౌలీ అంటే మామూలు మనిషి కాదు, ఆ తరంలో ఆయన కంటే నిశితంగా తప్పులు పట్టేవాళ్ళు లేరు. పదేళ్ళకి, 1964లో, సెర్న్ అనే యూరప్ ఫిజిక్స్ ల్యాబులో కణాల్ని పరిగెత్తించే యాక్సిలరేటర్ల పని చేసుకునే జాన్ బెల్ ఆ దేవదూతల ప్రశ్నని ఒక గణిత అసమానతగా మార్చాడు. ఐన్‌స్టీన్ ఊహ నిజమైతే కొలతల్లో వచ్చే ఒక సంఖ్య ఇంతకి మించకూడదు, క్వాంటమ్ నిజమైతే మించుతుంది. అంతే. ముప్పై ఏళ్ళ ఫిలాసఫీ ఒక ప్రయోగం అయ్యి కూర్చుంది.

ఆ ప్రయోగం 1972లో బర్క్‌లీలో జాన్ క్లౌజర్, స్టూవర్ట్ ఫ్రీడ్‌మన్ చేశారు. కాల్షియం పరమాణువుల్ని ఉత్తేజపరిస్తే ఒక్కోటీ రెండేసి ఫోటాన్లు (వెలుగు కణాలు) వదులుతుంది, వాటిని చెరో వైపుకి పంపి, గాజు పలకలు పేర్చి చేసిన పోలరైజర్ల (ఒక కోణంలో ఊగే వెలుగునే పోనిచ్చే జల్లెడల) గుండా పోనిచ్చి, రెండు వైపులా ఒకేసారి ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టారు, పోలరైజర్ కోణం మార్చడం, మళ్ళీ లెక్కపెట్టడం. క్లౌజర్ మనసులో ఐన్‌స్టీన్ పక్షమే, క్వాంటమ్ ఓడిపోతుందనే ఆశతో దిగాడు. క్వాంటమ్ గెలిచింది. ఈ పనికిమాలిన ప్రశ్నల మీద టైమ్ పెట్టినందుకు తర్వాత ఆయనకి ప్రొఫెసర్ ఉద్యోగం దొరకడం కూడా కష్టమైంది. 2022లో అలాన్ ఆస్పే, ఆంటన్ జైలింగర్‌లతో కలిపి నోబెల్ ఇచ్చారు. ఐన్‌స్టీన్ ఊహించింది తప్పు, క్లౌజర్ ఆశించింది తప్పు, ఆ రెండు తప్పులూ లేకపోతే ఎంటాంగిల్‌మెంట్ అనేది ఇవాళ ఇంజినీర్లు వాడుకునే వస్తువు అయ్యేది కాదు.

ఇంకా మొండి ఉదాహరణ కావాలా? 1980ల మొదట్లో నిక్ హెర్బర్ట్ అనే ఆయన ఎంటాంగిల్ అయిన ఫోటాన్లతో కాంతి కంటే వేగంగా మెసేజ్ పంపొచ్చని ఒక స్కీమ్ రాసి జర్నల్‌కి పంపాడు. దాన్ని పరిశీలించిన వాళ్ళలో ఆషర్ పెరెస్ ఒకడు. అది తప్పని ఆయనకి తెలుసు, ఎక్కడ తప్పుందో మాత్రం వెతకాలి, ఆ వెతుకులాటలో మంచిదేదో బయటపడుతుందని నమ్మి అచ్చెయ్యండి అని సిఫార్సు చేశాడు, ఆ సంగతి తర్వాత తనే రాసుకున్నాడు. అచ్చయింది. తప్పు పట్టడానికి దిగినవాళ్ళు 1982లో, తెలియని క్వాంటమ్ స్థితిని కాపీ కొట్టడం అసాధ్యం అనే సిద్ధాంతం తేల్చారు. క్వాంటమ్ క్రిప్టోగ్రఫీలో, అంటే రహస్య సందేశాలు పంపే పద్ధతిలో, దొంగ మన మెసేజ్‌ని కాపీ చేసుకోలేడు అన్న భరోసా వచ్చేది అక్కడినుంచే. ఆ సిఫార్సు చేసే ధైర్యం ఎంతమందికుంటుంది చెప్పండి. నా దృష్టిలో ఆ ఒక్క నిర్ణయం స్పెక్యులేషన్‌కి దక్కాల్సిన మర్యాద.

ఎవరెట్ దగ్గరికే వస్తే, 1985లో డేవిడ్ డాయిష్ క్వాంటమ్ కంప్యూటర్ అంటే ఏంటో సైద్ధాంతికంగా మొదట రాసిన పేపర్లలో ఒకటి రాశాడు, ఆయన ఎవరెట్ లోకాల్ని అక్షరాలా నమ్మే మనిషి, ఆ పేపర్‌లోనే అది వాదించాడు, అన్ని లోకాల్లో ఒకేసారి లెక్క జరుగుతుందన్న చిత్రం నుంచే ఆయన ఆలోచన నడిచింది. ఆ చిత్రం లేకుండా కూడా క్వాంటమ్ కంప్యూటింగ్ అర్థం చేసుకోవచ్చు, చాలామంది అలాగే చేస్తారు, నేను కాదనను. కానీ 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి అమరావతిలో 156 క్యూబిట్ల (క్యూబిట్ అంటే క్వాంటమ్ కంప్యూటర్ లెక్కకి వాడే మూల యూనిట్) మెషీన్‌తో క్వాంటమ్ వ్యాలీ పెడతాం అని ప్రకటించినప్పుడు మా బావ నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు. సంతోషపడాల్సిందే. ఆ మెషీన్ వెనక ఉన్న ఆలోచనల వరసలో పెంటగాన్‌కి వెళ్ళిపోయిన ఆ కుర్రాడి పేరు కూడా ఉందని మాత్రం నేను గుర్తుచేశాను.

అన్ని మల్టీవర్స్‌లకీ నేను ఇంత గట్టిగా నిలబడను. ఇన్‌ఫ్లేషన్ నుంచి వచ్చేది ఒకటుంది. విశ్వం పుట్టిన తొలి క్షణంలో విపరీతమైన వేగంతో ఉబ్బింది అని అలాన్ గూత్ 1981లో రాశాడు, ఆ ఉబ్బడం ఒకసారి మొదలైతే కొన్నిచోట్ల ఆగి కొన్నిచోట్ల ఆగకుండా పోతూనే ఉంటుందని విలెంకిన్, లిండె తర్వాత చూపించారు, ఆగిన ప్రతిచోటా మనలాంటి ఒక విశ్వం. దీనికి స్ట్రింగ్ థియరీ, అంటే కణాలన్నీ సన్నటి తీగల కంపనాలే అనే ఆలోచన, కలిస్తే, ఆ థియరీకి 1 పక్కన 500 సున్నాలు పెట్టినన్ని రకాల విశ్వాలు కుదురుతాయని ఒక అంచనా. ఇక్కడ నాకు భయం మొదలవుతుంది. అన్నీ ఎక్కడో ఒకచోట జరుగుతాయి అంటే ఏది కనపడినా "ఇది కూడా ఉంటుందిలే" అనేయొచ్చు, అనంతమైన చోట్లలో ఏది ఎక్కువ ఏది తక్కువ అని లెక్కెలా పెట్టాలో ఇప్పటికీ ఎవరికీ కుదరలేదు, లెక్క పెట్టలేనివాడు ప్రెడిక్షన్ ఎలా చెప్తాడు? 2014లో జార్జ్ ఎల్లిస్, జో సిల్క్ నేచర్‌లో రాసిన వ్యాసం కోపం ఎక్కువగా ఇలాంటివాటి మీదే, ఫిజిక్స్ పరువు కాపాడండి అని. వాళ్ళ కోపంలో సగం నాకూ ఉంది.

మిగతా సగం ఎందుకు లేదంటే స్టీవెన్ వైన్‌బర్గ్ వల్ల. ఖాళీ ప్రదేశానికి కూడా శక్తి ఉండాలి, క్వాంటమ్ లెక్కతో మామూలుగా అంచనా వేస్తే అది మనకి కనపడే విశ్వం ఒప్పుకునేదానికంటే 1 పక్కన 120 సున్నాలు పెట్టినన్ని రెట్లు ఎక్కువొస్తుంది. అందరూ ఏదో కారణంతో అది కచ్చితంగా సున్నా అయ్యుంటుంది అనుకుంటున్న రోజుల్లో, 1987లో, వైన్‌బర్గ్ వేరే దారిలో ఆలోచించాడు. రకరకాల విశ్వాలుంటే, ఒక్కోదాంట్లో ఈ శక్తి ఒక్కోలా ఉంటే, గెలాక్సీలు కట్టగలిగినంత తక్కువ ఉన్నచోటే అడిగేవాళ్ళు ఉంటారు. అలాంటప్పుడు మనకి కనపడేది సున్నా కానక్కర్లేదు, ఆ హద్దు లోపల ఎంతో కొంత ఉండాలి. 1998లో దూరపు సూపర్‌నోవాలు (పేలిపోయే నక్షత్రాలు) చూసిన రెండు బృందాలు విశ్వం వేగం పుంజుకుంటోందని కనిపెట్టాయి, 2011లో నోబెల్ వచ్చింది, ఆ శక్తి సున్నా కాదు, వైన్‌బర్గ్ హద్దు లోపలే ఉంది. ఒక్క సంఖ్యతో మల్టీవర్స్ రుజువైపోదు. నేనైతే అంత దూరం వెళ్ళను. కానీ ఊహ నుంచి ఒక సంఖ్య వైపు వేలు చూపించి పదకొండేళ్ళు ఎదురుచూసిన మనిషిని పుక్కిటి పురాణం చెప్పేవాళ్ళతో కలిపెయ్యడం అన్యాయం.

పురాణం అన్నాను కాబట్టి ఇది కూడా. తిరుమల కొండ మీద అఖిలాండకోటి బ్రహ్మాండనాయకా అని చెయ్యెత్తి పిలుస్తాం, అంటే మనవాళ్ళకి మల్టీవర్స్ ముందే తెలుసు అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. నాకది ఒప్పుకోవాలనిపించదు. తెలుగులో మడికి సింగన చెప్పిన వాసిష్ఠ రామాయణానికి మూలమైన గ్రంథంలో లీల కథ ఉంటుంది. భర్త చనిపోయిన రాణి సరస్వతిని వేడుకుంటే ఆవిడ చూపిస్తుంది, ఆ రాజు గదిలోనే ఇంకో లోకంలో రాజ్యం ఏలుతున్నాడు, అంతకుముందు ఒక చిన్న గుడిసెలో బ్రాహ్మణుడిగా ఉండి పోయింది ఎనిమిది రోజుల కిందటే, ఆ ఎనిమిది రోజుల్లో ఆ గుడిసె ఖాళీలోనే ఒక రాజు జీవితమంతా గడిచిపోయింది. అద్భుతమైన ఊహ. అది ఎలక్ట్రాన్ కొలత గురించి మాట్లాడట్లేదు, నాది నా వాళ్ళు అని పట్టుకున్న ఈ లోకం ఎంత గట్టిదో అని అడుగుతోంది, ఆ ప్రశ్నకి దాని విలువ దానికుంది. దాన్ని తీసుకొచ్చి ఎవరెట్ పక్కన నిలబెట్టి "చూశారా" అంటే ఇద్దరికీ మర్యాద కాదు.

ఇక మొదట్లో చెప్పిన ఆ సంబరపడేవాళ్ళు. ఇంకో యూనివర్స్‌లో ఆ సీటు వచ్చింది, ఆ పెళ్ళి అయ్యింది, నాన్న బతికే ఉన్నాడు. ఈ మాటల వెనక ఉన్న బాధ నిజం, దాన్ని నేను చిన్న చెయ్యను. కానీ ఎవరెట్ లోకాలు మన కోరికల ప్రకారం పుట్టవు, సమీకరణం ఇచ్చిన చోటే ఇచ్చినంత బరువుతోనే (అంటే సంభావ్యతతోనే) పుడతాయి, అక్కడికి మనకి దారి లేదు, అక్కడివాళ్ళు పడే సంతోషంలో మనకి వాటా రాదు. "అన్నీ జరుగుతాయి కదా, మరి నేను కష్టపడి నిర్ణయం తీసుకోవడం ఎందుకు" అనేవాళ్ళకి కూడా అదే జవాబు, అలా చీలే లోకాలని కొమ్మలు అనుకుంటే, కొమ్మలన్నిటికీ సమానమైన బరువు ఉండదు, బుద్ధిగా బండి నడిపేవాడి కొమ్మల్లో ఎక్కువ బరువు ఇంటికి చేరేవాటికే ఉంటుంది. పైగా అలా కాకుండా ఇలా జరిగి ఉంటే అని ఆలోచించడం మనిషికి రోజువారీ పని. సరైన టైముకి ఆస్పత్రికి తీసుకొచ్చి ఉంటే బతికేవాడా అని డాక్టర్ ఆలోచిస్తాడు, బ్రేక్ పని చేసుంటే గుద్దుకునేదా అని కోర్టు అడుగుతుంది, కారణం అన్న మాటకి అర్థమే జరగని లోకంతో పోల్చి చూడటంలో ఉంది. డేవిడ్ లూయిస్ అనే ఫిలాసఫర్ దీన్నే పట్టుకుని, సాధ్యమైన లోకాలన్నీ మన లోకం ఉన్నంత నిజంగా ఉన్నాయని 1986లో ఒక పుస్తకమే రాశాడు. ఆ లోకాలున్నాయని నమ్మినవాళ్ళు బహు తక్కువ. అంతకుముందు 1973లో "ఇలా అయ్యుంటే" అనే వాక్యాలకి ఆయన కట్టిన లెక్క మాత్రం తత్వశాస్త్రంలో ఇప్పటికీ వాడుతున్నారు.

మొన్న సంక్రాంతికి బావ ఇంకో ప్రశ్న వేశాడు. "సరే రా, అన్నంభట్టు ప్రకారమే పోదాం. నీ ఎవరెట్ తప్పు అని తేలాలంటే ఏం జరగాలో చెప్పు." దానికి నా దగ్గర జవాబుంది, అందుకే ఆ థియరీ అంటే నాకంత ఇష్టం. కొలాప్స్ నిజంగా ప్రకృతిలో జరిగేదే అయితే, వస్తువు పెద్దదయ్యేకొద్దీ ఏదో ఒక సైజు దగ్గర, గాలీ వేడీ లాంటి బయటి అలజడి ఏమీ లేకపోయినా, రెండు స్థితుల్లో ఉండటం ఆగిపోవాలి. 1986లో గిరార్డి, రిమిని, వెబర్ అలాంటి థియరీ ఒకటి కట్టారు. 2019లో వియన్నాలో రెండు వేల దాకా పరమాణువులున్న పెద్ద పెద్ద మాలిక్యూల్స్‌తో ప్రయోగం చేస్తే అవి కూడా తరంగాల్లాగే ప్రవర్తించాయి. కొలాప్స్ జరిగేటప్పుడు రావాల్సిన సన్నటి రేడియేషన్ కోసం ఇటలీలో గ్రాన్ సాస్సో కొండ కింద ల్యాబులో వెతికారు, డియోసి, పెన్‌రోజ్ చెప్పిన మోడల్‌లో అన్నిటికంటే సింపుల్ రూపం దాంతో పోయింది, మిగతావి ఇంకా ఉన్నాయి. రేపు ఇంకా పెద్ద వస్తువుతో ప్రయోగం చేస్తున్నప్పుడు ఎక్కడో ఒకచోట ఆ తరంగం, కారణం ఏదీ లేకుండా, ఆగిపోయిందనుకోండి, ఎవరెట్ లోకాలన్నీ ఆ రోజుతో పోయినట్టే. "అయితే ఏ ఊళ్ళో చేస్తున్నారో ఆ ప్రయోగాలు, ఫోన్లో చూపించు" అన్నాడు బావ, భోజనాలకి అక్క పిలిచేదాకా ఆ పేజీలే చూస్తూ కూర్చున్నాం.